మొదటి రౌండుకి రండి: ఇంగ్లండులోని తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

పెద్దలందరికీ నమస్కారం.

నేను మీకు కొత్త మనిషినేం కాదు. సంక్రాంతికి కారు డిక్కీలోంచి పులిహోర ట్రేలు దింపుతూనో, ఉగాదికి పచ్చడి గిన్నె దగ్గర నిలబడి "ఇంకాస్త వేపపువ్వు వెయ్యండి" అని సతాయిస్తూనో మీకు కనపడే ఉంటాను. కాకినాడలో పుట్టి, పద్దెనిమిదేళ్ళ కిందట బెర్క్‌షైర్ వచ్చి పడ్డాను. మన సంఘాల కార్యక్రమాలే లేకపోతే ఇక్కడ మొదటి రెండు చలికాలాలూ నాకు పిచ్చెక్కి ఉండేది. ఆ కృతజ్ఞత ఉంది కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం కోపం కూడా ఉంది, దాచను.

సెప్టెంబరు నుంచి మే దాకా ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం నేను మీకు దొరకను. ఆ సమయానికి మా ఊరి పార్కులో రబ్బరు బూట్లు వేసుకుని, చేతిలో జెండా పట్టుకుని గీత పక్కన అటూ ఇటూ పరిగెడుతూ ఉంటాను. మా అమ్మాయి లెఫ్ట్ బ్యాక్‌గా, అంటే ఎడమవైపు డిఫెన్సులో, ఆడే ఆడవాళ్ళ ఫుట్‌బాల్ క్లబ్బుకి లైన్ జెండా పట్టేది నేనే. మా స్థాయి మ్యాచ్‌లకి రిఫరీ ఒక్కరే వస్తారు. రెండు పక్కలా జెండాలు పట్టుకోవడానికి చెరో క్లబ్బూ ఒక మనిషిని సర్దాలి. మొదటి ఏడాది ఆఫ్‌సైడ్ అర్థంకాక, బంతి గీత దాటినప్పుడు తప్ప జెండా ఎత్తేదాన్ని కాదు. ఇప్పుడు అవతలి జట్టు అమ్మాయిల నాన్నలతో వాదనకి దిగేంత వచ్చేసింది.

పోయిన డిసెంబరు మొదటి ఆదివారం సంగతి చెప్పాలి. ఆ మధ్యాహ్నం మూడు గంటలకి ఒక సంఘంవాళ్ళు సంక్రాంతి కోలాటం రిహార్సల్ పెట్టారు. ఏ సంఘమో చెప్పను. మా అమ్మాయి అందులో ముందు వరసలో ఉంది. అదే రోజు రెండు గంటలకి మా క్లబ్బుకి కౌంటీ కప్ మ్యాచ్. రాలేమని వారం ముందే చెప్పాను. అయినా కమిటీలో ఒకావిడ ఫోన్ చేసింది. మర్యాదగానే మాట్లాడింది.

"ఒక్క ఆదివారం మానేస్తే ఏమవుతుందక్కా? ఆటే కదా, వచ్చేవారం మళ్ళీ ఉంటుందిగా?"

"వచ్చేవారం ఉండదమ్మా. ఇది నాకౌట్," అన్నాను.

అటువైపు కాసేపు చప్పుడు లేదు. "పోనీ మీవాళ్ళు ఇంకెవరినైనా దింపుకోవచ్చుగా?" అంది. అదీ కుదరదు. మాకు రాసుకున్న ఆటగత్తెలు పదహారు మంది, ఆ ఆదివారం వచ్చేది పన్నెండు మంది. ఒకమ్మాయి నర్సు, ఒకమ్మాయి సూపర్ మార్కెట్లో షిఫ్టు, ఇంకొకరికి చంటిబిడ్డ. ఆ మధ్యే వేరే క్లబ్బు నుంచి ఒక మంచి డిఫెండర్ మా దగ్గరికి వచ్చింది కానీ, ఆ అమ్మాయి సెప్టెంబరులోనే పాత క్లబ్బు తరఫున ఇదే కప్పులో ఆడేసింది. ఒక సీజన్లో ఒక కప్పుకి ఒకే క్లబ్బు తరఫున ఆడాలి. దాన్ని ఇక్కడ 'కప్ టైడ్' అంటారు. లీగ్ మ్యాచ్‌లలో మాకు ఆడొచ్చు, కప్పులో మాత్రం టీ కప్పులు అందించాల్సిందే. ఇదంతా ఫోన్లో చెప్పే ఓపిక నాకూ లేదు, వినే తీరిక ఆవిడకీ లేదు. "సరే అక్కా, వేరే అమ్మాయిని పెట్టుకుంటాం," అంది. పెట్టుకున్నారు. అందులో తప్పేమీ లేదు.

తప్పు ఎక్కడుందో నాకే కాస్త ఆలస్యంగా తెలిసింది. ఆ ఫోన్ మాటల్లో "ఆటే కదా" అన్న ముక్క నన్ను వదల్లేదు. ఎండాకాలంలో మన మగవాళ్ళ క్రికెట్ టోర్నమెంటు సెమీఫైనల్ రోజున మనం ఏ కార్యక్రమమైనా పెట్టామా? పెట్టం. హాలు దొరకదన్న వంక చెప్పి అయినా తేదీ మారుస్తాం. ఆ రోజు మనకి నాకౌట్ అంటే ఏమిటో ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

నిజానికి మనకి కప్పుల ఆట కొత్తేమీ కాదు. మా నాన్నకి కబుర్లు మొదలైతే హైదరాబాదు సిటీ పోలీసు జట్టు దగ్గర ఆగేవి. 1950 నుంచి 1954 దాకా బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పుని వరసగా ఐదేళ్ళు ఆ జట్టే గెలిచింది. ఆ జట్టుని తయారుచేసిన రహీం సాబే తర్వాత 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన దేశానికి బంగారు పతకం తెచ్చిన జట్టుకి కోచ్. "ఒక్క మ్యాచ్ పోతే రైలెక్కి హైదరాబాదు వచ్చెయ్యాల్సిందే, అలాంటి చోట ఐదేళ్ళు!" అనేవాడు నాన్న, తనే ఆడినంత గర్వంగా. మనవరాలు ఇంగ్లండులో బంతి తంతోందని తెలిసినప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "లీగా, కప్పా?" అని. మనలో ఆ ప్రశ్న అడిగినవాడు ఇప్పటికీ ఆయనొక్కడే.

లీగ్ కాపురం లాంటిది. ఈ వారం పోట్లాడుకున్నా వచ్చేవారం సర్దుకోవచ్చు, లెక్క మేలో తేలుతుంది. కప్పు మా గోదావరి జిల్లాల కోడిపందెం. బరిలో దిగాక బయటికొచ్చేది ఒకటే. ఎన్ని జట్లుంటే అంతకు ఒకటి తక్కువ మ్యాచ్‌లతో కప్పు అయిపోతుంది, ఎందుకంటే ప్రతి మ్యాచ్‌కీ ఒక జట్టు ఇంటికి పోతుంది. 32 జట్లు దిగితే 31 మ్యాచ్‌లు. అందులో 16 జట్లకి ఆ ఏడాది మొత్తానికి ఆ కప్పులో దక్కేది ఒకే ఒక్క మధ్యాహ్నం. జట్ల సంఖ్య అలా చక్కగా సగాలుగా విరగనప్పుడు కొందరికి ఆడకుండానే తర్వాతి రౌండు వస్తుంది. 23 జట్లుంటే తొమ్మిదింటికి 'బై', మిగతా పద్నాలుగు మొదటి రౌండులో కొట్టుకుని ఏడు మిగులుతాయి, అప్పుడు పదహారు. మా సెక్రటరీ ఈ లెక్క వేళ్ళ మీద చేస్తుంది. నాకు మటుకు కాగితం కావాలి.

ఎవరితో ఎవరు ఆడాలో చీటీలు తీసే రోజు క్లబ్బులో ఉండే టెన్షన్ చూడాలి. మొదట వచ్చిన పేరుకి సొంత గ్రౌండు, రెండోది ప్రయాణం కట్టాలి. మనకంటే రెండు మెట్లు పైనున్న జట్టు తగలొచ్చు, కిందది తగలొచ్చు. లీగులో ఏడాది పొడుగునా మన ఎత్తువాళ్ళతోనే ఆడతాం. కప్పులోనే ఒక నర్సు, ఒక టీచరు, ఒక ఇంటర్ చదివే పిల్ల కలిసి రోజూ కోచింగ్ ఉన్న జట్టు ముందు నిలబడే అవకాశం వస్తుంది. చాలాసార్లు చితక్కొట్టించుకుంటారు. ఎప్పుడో ఒకసారి కొట్టించుకోరు. ఆ ఎప్పుడో ఒకసారి కోసమే ఈ దేశం కప్పుల్ని నూటయాభై ఏళ్ళుగా పట్టుకుని వేళ్ళాడుతోంది.

మాలాంటి క్లబ్బు ముందు సాధారణంగా మూడు కప్పులుంటాయి. మన లీగులోని జట్ల మధ్య లీగ్ కప్పు, జిల్లా సంఘం నడిపే కౌంటీ కప్పు, అన్నిటికంటే పైన ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం (ఎఫ్‌ఏ) నడిపే మహిళల ఎఫ్‌ఏ కప్పు. ఆ మూడోదాని అందం ఏమిటంటే, లండన్ వెంబ్లీ స్టేడియంలో మే నెలలో ముగిసే కప్పు, సెప్టెంబరులో పార్కుల్లో మొదలయ్యే కప్పు ఒకటే. చిన్న క్లబ్బులు క్వాలిఫయింగ్ రౌండ్లు ఆడుకుంటూ వెళ్తే నవంబరుకి మొదటి రౌండు. చెల్సీ, ఆర్సెనల్ లాంటి పై లీగువాళ్ళు ఇంకా కొన్ని రౌండ్లు గడిచాక గాని దిగరు. 2023లో ఫైనల్ చూడటానికి వెంబ్లీకి వచ్చినవాళ్ళు 77,390 మంది. మా క్లబ్బు ఎఫ్‌ఏ కప్ క్వాలిఫయింగ్ ఆడింది ఒకే ఒక్క ఏడాది. ఆ రోజు మా గ్రౌండులో నేను లెక్కపెడితే నలభై ఒక్క మంది. రెండు కుక్కల్ని కలపకుండా. నాలుగు సున్నాతో ఓడాం. అయినా మా డ్రెస్సింగ్ రూములో, అంటే పార్కు మరుగుదొడ్ల పక్క గదిలో, ఆ మ్యాచ్ కార్యక్రమ పత్రం ఇంకా గోడకి అంటించే ఉంది.

ఓడిపోయినవాళ్ళకోసం కూడా ఇక్కడ ఒక ఏర్పాటు ఉంది, అది నాకు భలే నచ్చింది. దేశంలో మూడు, నాలుగు అంచెల మహిళా జట్లు ఆడే నేషనల్ లీగ్ కప్పులో మొదట్లోనే ఓడినవాళ్ళని ఊరికే పంపెయ్యరు. వాళ్ళందరికీ కలిపి 'ప్లేట్' అని వేరే కప్పు పెడతారు. పెళ్ళి భోజనాల్లో రెండో బంతి ఉన్నట్టు. మన క్రికెట్ టోర్నమెంట్లు నడిపేవాళ్ళు ఈ పద్ధతి చూసి నేర్చుకుంటే బాగుండును. మాంచెస్టర్ నుంచి తెల్లవారుజామున బయల్దేరి వచ్చి, పదిన్నరకల్లా ఓడిపోయి, బిర్యానీ టైము దాకా కుర్చీల్లో కూర్చునే జట్టుని చూస్తే నాకు జాలి.

ఇక గెలుపు సంగతి. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మనకో సామెత ఉంది కదా, చిన్న క్లబ్బుకి కప్పులో గెలుపు అలాంటిదే. గెలిస్తే మరో మ్యాచ్. అది దూరపు ఊళ్ళో పడితే కార్లు సరిపోవు, వ్యాను మాట్లాడాలి. సొంత ఊళ్ళో పడితే గ్రౌండు అద్దె, రిఫరీ ఫీజు. వాన పడి గ్రౌండు బురదయితే మ్యాచ్ వాయిదా, తర్వాతి రౌండు లోపల మళ్ళీ ఆడి తీరాలి, అప్పుడు ప్లాస్టిక్ గడ్డి గ్రౌండు గంటల లెక్కన అద్దెకి తీసుకోవాలి. ఈ ఖర్చంతా అమ్మాయిలు ఎవరికి వాళ్ళు మ్యాచ్‌కి ఇంత అని వేసుకునే చందాలోంచే రావాలి. చదువుకునే పిల్లకి అది చిన్న మొత్తం కాదు. పైస్థాయిలోనూ మొన్నమొన్నటి దాకా ఇదే వరస. 2022లో మహిళల ఎఫ్‌ఏ కప్ గెలిచిన చెల్సీకి వచ్చిన బహుమతి 25,000 పౌండ్లు. అదే ఏడాది పురుషుల కప్ గెలిచిన లివర్‌పూల్‌కి 18 లక్షల పౌండ్లు. గొడవ చేయగా చేయగా మహిళల కప్పు మొత్తం బహుమతి సొమ్ముని ముందు 30 లక్షల పౌండ్లకి, ఆ మరుసటి సీజన్లో 60 లక్షలకి పెంచారు. అడగందే అమ్మైనా పెట్టదు మరి.

డిసెంబరు మ్యాచ్ దగ్గరికి వస్తాను. మాది కిందనుంచి రెండో డివిజన్, అవతలివాళ్ళు మాకంటే ఒక మెట్టు పైన. మొదటి పావుగంటలోనే గోల్ తిన్నాం. రెండో సగంలో ఎలా వచ్చిందో తెలియదు, ఒక కార్నర్ నుంచి గుంపులో పడి బంతి ఎవరి మోకాలికో తగిలి లోపలికి దొర్లింది. ఒకటి ఒకటి. ఈ దేశంలో డిసెంబరులో నాలుగు గంటలకి ముందే సూర్యుడు దుకాణం కట్టేస్తాడు. పార్కుకి లైట్లు లేవు. మ్యాచ్ అయ్యేసరికి ఆకాశం బూడిద రంగులోకి దిగింది. సమానంగా ఉంది కాబట్టి పెనాల్టీలు. రిఫరీ బొమ్మా బొరుసూ వేసింది. ఒక్కో జట్టుకి ఐదు తన్నులు, ఒకరి తర్వాత ఒకరు. మా గోల్ కీపర్ ముందు రాత్రంతా ఆసుపత్రిలో డ్యూటీ చేసి, నాలుగు గంటలు నిద్రపోయి వచ్చిన పిల్ల. బంతి తన్నేదాకా ఒక కాలైనా గీత మీద ఉండాలని రిఫరీ చెబుతుంటే తల ఊపుతూ ఆవులించింది. ఆవులిస్తూనే వాళ్ళ రెండో తన్ను ఆపేసింది!

మా వైపు నాలుగోది మా అమ్మాయి. మధ్య గీత దగ్గర జట్టంతా భుజాల మీద చేతులు వేసుకుని నిలబడి ఉంటే, అక్కడి నుంచి ఒంటరిగా నడిచి రావాలి. యాభై గజాలుండదు గానీ తల్లికి అది కాకినాడ నుంచి సామర్లకోట అంత దూరం. కుడివైపు తన్నింది. స్తంభానికి తగిలి బయటికి పోయింది. తర్వాత వాళ్ళు వేశారు, అయిపోయింది.

ఆ మ్యాచ్ చూడటానికి మా వైపు వచ్చినవాళ్ళు పదిమంది ఉండరు. అవతలి జట్టులో ఒకమ్మాయి తాతా అమ్మమ్మా మడత కుర్చీలు తెచ్చుకుని, కాళ్ళ మీద దుప్పటి కప్పుకుని మొత్తం చూశారు. ఆ ముసలాయన మ్యాచ్ అయ్యాక మా అమ్మాయి దగ్గరికి వచ్చి, 1990 ప్రపంచకప్ సెమీఫైనల్లో ఇంగ్లండు మగవాళ్ళు కూడా ఇలాగే పెనాల్టీల్లో పోగొట్టారని చెప్పి నవ్వించాడు. ఎవరో పరాయి తాత. మనవాళ్ళు ఒక్కరు లేరు. మా ఇంటికి మైలు దూరంలో ఇరవై తెలుగు కుటుంబాలున్నాయి. నేను ఎవరినీ పిలవలేదు కదా అంటారేమో. నిజమే, పిలవలేదు. ఎవరి మనవరాలి అరంగేట్రానికో పిలిచినంత ధైర్యంగా పార్కులో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి పిలవొచ్చని నాకే తోచలేదు. అందుకే ఇప్పుడు ఇలా బహిరంగంగా పిలుస్తున్నాను.

ఇంటికి వస్తుంటే కార్లో అమ్మాయి అడిగింది, "రిహార్సల్ బాగా జరిగిందటనా?" అని.

సంక్రాంతి రోజు భోజనాల దగ్గర ఒక పెద్దాయన దాన్ని ఆపి, "ఏమ్మా, మొహమంతా నల్లబడిపోయిందే, బురదలో దొర్లడం ఇంకా మానలేదా?" అన్నారు. పక్కనున్నవాళ్ళు నవ్వారు, అదీ నవ్వింది. ఇంగ్లండు చలికాలపు ఎండకి మొహం నల్లబడటం నేనెప్పుడూ వినలేదు గానీ, ఆయన అన్నది ఎండ గురించి కాదని దానికీ తెలుసు, నాకూ తెలుసు.

ఈ మాటకి వందేళ్ళ చరిత్ర ఉంది. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ప్రెస్టన్‌లో డిక్, కెర్ అనే కంపెనీ ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు మందుగుండు తయారుచేసేవాళ్ళు. వాళ్ళే జట్టుగా ఏర్పడి 1917 క్రిస్మస్ రోజున గాయపడ్డ సైనికుల ఆసుపత్రి కోసం మ్యాచ్ ఆడితే పదివేల మంది వచ్చారు. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కులో వాళ్ళ మ్యాచ్‌కి 53,000 మంది. టీవీ కూడా లేని కాలంలో! ఆ జట్టు లెఫ్ట్ వింగర్ లిలీ పార్ అప్పటికి పదిహేనేళ్ళ పిల్ల. ఏడాది తిరక్కుండా, 1921 డిసెంబరు 5న, ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం ఈ ఆట ఆడవాళ్ళకి తగదని తీర్మానించి, తన కింద ఉన్న క్లబ్బులేవీ వాళ్ళకి గ్రౌండ్లు ఇవ్వకూడదని హుకుం జారీ చేసింది. ఆటని నిషేధించలేదు, గమనించండి. గ్రౌండ్లు ఇవ్వొద్దన్నారు, అంతే. అయినా వాళ్ళు మానలేదు. మరుసటేడే సొంతంగా ఒక కప్పు పెట్టుకుంటే స్టోక్ ఆడవాళ్ళు గెలిచారు. పార్కుల్లో, రగ్బీ మైదానాల్లో, దొరికిన చోటల్లా ఆడారు. ఆ హుకుం తొలగేసరికి యాభై ఏళ్ళు పట్టింది. 1971 మే 9న లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో ఇప్పటి మహిళల ఎఫ్‌ఏ కప్పుకి మొదటి ఫైనల్ జరిగింది. సౌతాంప్టన్ జట్టు స్కాట్లండు నుంచి వచ్చిన స్ట్యూవర్టన్ థిసిల్‌ని నాలుగు ఒకటితో ఓడించింది. లిలీ పార్ పేరు నేషనల్ ఫుట్‌బాల్ మ్యూజియం గౌరవ జాబితాలోకి ఎక్కింది 2002లో, ఆవిడ పోయిన చాలాకాలానికి.

మన సంఘాలు ఎవరికీ ఏ హుకుమూ జారీ చెయ్యలేదు. ఆడపిల్లలు ఫుట్‌బాల్ ఆడకూడదని ఏ మీటింగులోనూ ఎవరూ అనలేదు, అంటే నేనే లేచి పోట్లాడేదాన్ని. మనం చేసేది ఇంకా సులువైన పని. ఆదివారం మధ్యాహ్నం రిహార్సల్ పెడతాం. ఈ దేశంలో ఆడవాళ్ళ మ్యాచ్‌లు ఎక్కువగా జరిగేది ఆదివారం మధ్యాహ్నమేనని మనకి తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించదు. పిల్ల రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. పదకొండేళ్ళప్పుడు మన తెలుగు పిల్లలు ఐదుగురు ఈ క్లబ్బు జూనియర్ జట్లలో ఉండేవాళ్ళు. పద్నాలుగు వచ్చేసరికి ఒక్కతే మిగిలింది. ఒకమ్మాయి కూచిపూడికి, ఒకమ్మాయి మ్యాథ్స్ ట్యూషన్‌కి, ఒకమ్మాయి పొట్టి నిక్కరు వేసుకోవడం వాళ్ళ నాన్నమ్మకి నచ్చక. కూచిపూడి మీద నాకేం కోపం లేదు, మా పిల్లా నేర్చుకుంది. ఆ కాలు తిప్పడం ట్యాక్లింగ్‌లో పనికొస్తుందని దాని థియరీ.

నాలుగో అమ్మాయి ఎందుకు మానేసిందో చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. అప్పట్లో మా క్లబ్బు నిక్కర్లు తెల్లవి. నెలసరి రోజుల్లో భయం. ఇది మన ఇళ్ళలో గట్టిగా మాట్లాడుకోం కదా. తర్వాత క్లబ్బు మీటింగులో పిల్లలే లేచి అడిగి నల్లవి చేయించుకున్నారు. 2023లో ఇంగ్లండు జాతీయ జట్టు కూడా ఇదే కారణంతో తెల్ల నిక్కర్లు మాని నీలంవి తీసుకుందని పేపర్లో చదివి, మావాళ్ళు ముందే చేశారని నేను అందరికీ చెప్పుకు తిరిగాను. ఆ నాలుగో అమ్మాయి మాత్రం తిరిగి రాలేదు.

మనవాళ్ళకి ఇది అచ్చిరాని ఆటేమీ కాదని చెప్పడానికి ఒక్క పేరు చాలు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య. 2022లో క్రొయేషియాకి వెళ్ళి డినామో జాగ్రెబ్ జట్టులో చేరింది. తర్వాత ఈస్ట్ బెంగాల్ తరఫున 2024–25 భారత మహిళల లీగ్ గెలిచింది. ఆ ఏడాది దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణి అవార్డూ ఆమెదే. ఆమె ఇంగ్లండు వస్తే మనం ఏం చేస్తామో నాకు బాగా తెలుసు. వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, పూలబొకే ఇచ్చి, పది మంది చుట్టూ చేరి ఫొటో దిగుతాం. గెలిచాక శాలువా కప్పడం మనకి వచ్చినంత బాగా ఎవరికీ రాదు. తండాలో మొదటి బంతి తన్నిన రోజున గీత పక్కన నిలబడే మనుషుల సంగతే నేను అడుగుతున్నది.

కాబట్టి నా కోరికలు చెబుతాను. పెద్దవేం కావు.

వచ్చే ఏడాది కార్యక్రమాల తేదీలు రాసుకునేటప్పుడు ఆడపిల్లల తల్లుల్ని ఒక్క మాట అడగండి. లీగ్ మ్యాచ్ అయితే మేమే సర్దుకుంటాం, మాటిస్తున్నాను. కప్ మ్యాచ్ ఉన్న ఆదివారం మాత్రం రిహార్సల్‌ని పొద్దుటికి జరపండి. అంతకంటే అడగను. ఉగాది కవి సమ్మేళనాన్ని కూడా జరపమని అడగాలని ఉంది, కానీ కవులతో పెట్టుకోను.

రెండోది డబ్బు సంగతి. క్రికెట్ టోర్నమెంటుకి మనం స్పాన్సర్లని వెతుకుతాం, ట్రోఫీలు పిల్లల ఎత్తు ఉంటాయి. అందులో కొంచెం తీసి, మీ మీ ఊళ్ళో ఉన్న ఏదో ఒక మహిళల క్లబ్బుకి చొక్కాల ఖర్చు పెట్టుకోండి. మా క్లబ్బుకే ఇవ్వక్కర్లేదు. చొక్కా వీపు మీద మన సంఘం పేరు తెలుగులో రాయిస్తామంటే ఏ క్లబ్బూ కాదనదు. మా సెక్రటరీని అడిగాను కూడా. "ఆ గుండ్రటి అక్షరాలా? చాలా బాగుంటాయి," అంది. అందులో ఒక్క తెలుగు పిల్ల కూడా లేకపోయినా ఇవ్వండి. మనం ఈ ఊళ్ళో ఉంటున్నాం, ఈ ఊరి పార్కులో నడుస్తున్నాం.

మూడోది మీ కాళ్ళతో పని. 2022లో వెంబ్లీలో ఇంగ్లండు ఆడవాళ్ళు జర్మనీని ఓడించి యూరో కప్ గెలిచినప్పుడు, 2025లో స్విట్జర్లండులోని బాసెల్‌లో పెనాల్టీల్లో స్పెయిన్‌ని ఓడించి మళ్ళీ గెలిచినప్పుడు, మన వాట్సాప్ గ్రూపులన్నీ హోరెత్తాయి. ఆ రెండుసార్లూ ఎంతమంది చిన్నపిల్లలు మా క్లబ్బుకి పరిగెత్తుకొచ్చారో చెప్పలేను. వాళ్ళని మోసేది పెద్ద స్టేడియాలు కాదు, ఇలాంటి పార్కులే. ఒక్క మధ్యాహ్నం వచ్చి నిలబడండి. ఆట అర్థం కాకపోయినా ఫరవాలేదు, నాకూ మొదట అర్థం కాలేదని చెప్పాను కదా.

మా అమ్మాయి ఆ పెనాల్టీ తర్వాత నెలరోజులు రోజూ సాయంత్రం గరాజు తలుపు మీద సుద్దముక్కతో గీత గీసుకుని తన్నుతూనే ఉంది. పక్కింటాయన రెండుసార్లు ఫిర్యాదు చేశాడు. ఈసారి కౌంటీ కప్ చీటీల్లో మాకు సొంత గ్రౌండే వచ్చింది. మొదటి రౌండు. అవతలివాళ్ళు మాకంటే రెండు మెట్లు పైన, గెలుస్తామని నేను చెప్పలేను. ఓడితే ఈ కప్పులో మాకు ఇంకో మ్యాచ్ ఉండదు. అందుకని ఫైనల్‌కి వస్తాం అనకండి.

ఈ నెల ఆఖరి ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటలు. కార్లు పార్కు ఎడమ గేటు దగ్గర పెట్టుకోవాలి, కుడివైపు పెడితే జరిమానా వేస్తారు. కొత్త చెప్పులు వేసుకురాకండి. సగం ఆట అయ్యాక అల్లం టీ ఉంటుంది, మిర్చి బజ్జీలకి మా ఆయన ఒప్పుకున్నాడు. నేను జెండా పట్టుకుని ఉంటాను కాబట్టి మీరు పలకరించినా తల తిప్పలేను, ఏమీ అనుకోకండి.

ఇట్లు,
ఒక లెఫ్ట్ బ్యాక్ తల్లి,
బెర్క్‌షైర్.